పట్టుకోకుండా ఆపేవాడు

*సిడ్నీ రగ్బీ లీగ్ మైదానంలో బంతి పట్టి పరిగెత్తినవాడు, ఫిలడెల్ఫియా జట్టులో బంతి ముట్టకుండానే సూపర్‌బౌల్ గెలిచాడు. జోర్డన్ మైలాటా కథ ఇది.*

ఎరుపు, ఆకుపచ్చ జెర్సీలో ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. పక్కవాళ్ల తలలు అతని భుజం దాకా కూడా రావు. బంతి అందుకుంటాడు. ఆ చేతుల్లో రగ్బీ బంతి బంగినపల్లి మామిడికాయంత కనిపిస్తుంది. పరుగు మొదలుపెడతాడు. పెద్ద వేగమేమీ కాదు, లోడెత్తిన లారీ ఘాట్ రోడ్డు దిగుతున్నట్టు. ఎదురొచ్చిన మొదటివాడు బోర్లా పడతాడు. రెండోవాడు నడుము పట్టుకుని వేలాడతాడు. మూడోవాడు కాళ్లను చుట్టేసుకుంటాడు. అందరినీ ఈడ్చుకుంటూ అతను ఇంకో నాలుగడుగులు వేస్తాడు.

సౌత్ సిడ్నీ రాబిటోస్ అండర్-20 జట్టుకు 2017లో ఆడిన జోర్డన్ మైలాటా వీడియో ముక్కలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. చూసినవాళ్లు నవ్వుతారు. పెద్దవాడొకడు పొరపాటున బడిపిల్లల ఆటలోకి దిగినట్టుంటుంది మరి.

ఇప్పుడు ఇంకో దృశ్యం. 2025 ఫిబ్రవరి 9, న్యూఆర్లీన్స్ సూపర్‌డోమ్. ఫిలడెల్ఫియా ఈగల్స్, కాన్సస్ సిటీ చీఫ్స్ మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, సూపర్‌బౌల్. అదే కుర్రాడు, ఒంటి మీద 68 నంబరు. ఇక్కడ అతను ముందుకు పరిగెత్తడం లేదు. మోకాళ్లు వంచి, చేతులు ఛాతీ ముందు పెట్టుకుని, ఎడమ కాలితో నేలను దువ్వుతూ వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. బంతి అతని చేతికి రాదు, రావాలని అతనూ అనుకోడు. ఈగల్స్ 40-22 తేడాతో గెలిచారు. ఆ 40 పాయింట్లలో ఒక్కటి కూడా అతని పేరున లేదు. కానీ అతను లేని ఈగల్స్‌ను ఊహించలేమని ఫిలడెల్ఫియాలో ఏ బార్బర్‌ని అడిగినా చెబుతాడు.

ఆ రాత్రి ఫిలడెల్ఫియా శివారు ఎక్స్‌టన్‌లోనో, నది దాటి న్యూజెర్సీ వైపు చెర్రీహిల్‌లోనో మనవాళ్ల బేస్‌మెంట్లు ఎలా ఉండి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. మిర్చి బజ్జీల పళ్లెం చుట్టూ రెండు తరాలు. అక్కడే పుట్టిన పిల్లలకు ఆట నియమాలన్నీ కంఠతా వచ్చు. పండక్కో పురిటికో వచ్చిన తాతయ్య మాత్రం పదేపదే ఒకటే అడుగుతాడు: ‘‘ఇంతకీ బంతి ఎవరి దగ్గరుందిరా?’’ ఈ కథ బంతి ఎప్పుడూ దగ్గర లేనివాడి గురించి.

గుండె ఆగినంత పనయింది

మైలాటా 1997లో సిడ్నీలోని బ్యాంక్‌స్టౌన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులది సమోవా. పసిఫిక్ దీవుల నుంచి సిడ్నీ, ఆక్లాండ్ చేరిన కుటుంబాల్లో మగపిల్లాడు ఒళ్లు చేస్తున్నాడంటే రగ్బీ లీగ్‌లో వేయాల్సిందే. పెద్ద ఒళ్లున్నవాడిని ఫార్వర్డ్ అంటారు. అతని పని చెప్పడానికి చాలా తేలిక, చేయడానికి నరకం. బంతి పుచ్చుకుని ఎదుటి గోడలోకి దూసుకుపోవాలి. వాళ్లు పడేస్తే లేవాలి. కాలితో బంతిని వెనక్కి దొర్లించాలి. మళ్లీ వరసలో నిలబడాలి. ప్రత్యర్థి చేతికి బంతి వెళ్తే, అలాగే దూసుకొచ్చేవాడిని పట్టి పడేయాలి. ఇలా ఎనభై నిమిషాలు. మన చెడుగుడులో కూతకు వెళ్లినవాడూ, ఆ వచ్చినవాడిని పట్టేవాడూ ఒకడే అయితే ఎలా ఉంటుందో, అలాగ.

టీనేజిలోనే అతని గుండె లయ తప్పింది. శిక్షణలో కుప్పకూలాడు. రెండుసార్లు ఆపరేషన్ అయింది. చాలాకాలం ఆటకు దూరంగా ఉన్నాడు. తిరిగొచ్చాక రాబిటోస్ అండర్-20లో చోటు దొరికింది. అయితే ఒడ్డూ పొడుగూ పెరిగేకొద్దీ ఒక చిక్కు వచ్చిపడింది. రగ్బీ లీగ్‌లో ఆగకుండా పరిగెత్తాలి. 150 కిలోలు దాటిన మనిషి ఎనభై నిమిషాల ఆటలో ఎంతసేపని తిరుగుతాడు? నిన్నటిదాకా వరమనుకున్న ఒళ్లే భారమైపోయింది. క్లబ్బు ముందుపెట్టిన కాంట్రాక్టు కూడా ఇల్లు గడిచేంతటిది కాదు.

అప్పుడే అమెరికా నుంచి పిలుపొచ్చింది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) 2017లో ‘ఇంటర్నేషనల్ ప్లేయర్ పాత్‌వే’ అని ఒక పథకం మొదలుపెట్టింది. వేరే దేశాల్లో వేరే ఆటలాడే దృఢకాయుల్ని ఏరి, ఫ్లారిడాలోని బ్రాడెంటన్‌లో ఉన్న ఐఎంజీ అకాడమీలో కొద్ది నెలలు తర్ఫీదిచ్చి, జట్ల ముందు నిలబెట్టడం దాని పని. సంతలో గిత్తల్ని చూపించినట్టే అనిపిస్తుంది, నిజానికి అంతే కూడా. కొలతలు తీశారు. ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. 346 పౌండ్లు, అంటే 157 కిలోలు. అంత మనిషి నలభై గజాలను అయిదు సెకన్ల పైచిలుకులో పరిగెత్తాడు.

జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఏరుకునే డ్రాఫ్టులో 2018లో మొత్తం 256 మందిని ఎంచుకున్నారు. ఈగల్స్ ఏడో రౌండులో, 233వ స్థానంలో అతని పేరు పిలిచారు. దానికోసం పేట్రియాట్స్ జట్టుతో బేరమాడి కాస్త ముందుకు జరిగారు కూడా. అప్పటికతను హెల్మెట్ పెట్టుకుని ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడినవాడు కాదు. స్కూల్లో లేదు, కాలేజీలో లేదు. అతను జీవితంలో ఆడిన తొలి ఫుట్‌బాల్ మ్యాచ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రిసీజన్ మ్యాచే.

పేరు టాకిల్, పట్టుకుంటే తప్పు

అతనికి అప్పజెప్పిన స్థానం పేరు లెఫ్ట్ టాకిల్. ఇక్కడో తమాషా ఉంది. రగ్బీ లీగ్‌లో టాకిల్ అంటే మనిషిని పట్టి పడేయడం. మైలాటాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విద్య అదే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అఫెన్స్ వైపు ఆడే టాకిల్ ఎవరినీ పట్టుకోకూడదు. చెయ్యి చుట్టేసినా, జెర్సీ గుంజినా ‘హోల్డింగ్’ అంటారు. పసుపుపచ్చ గుడ్డ గాల్లోకి లేస్తుంది, జట్టు పది గజాలు వెనక్కి పోతుంది. ఇటు చూస్తే, బంతి లేనివాడికి అడ్డం నిలబడటం రగ్బీ లీగ్‌లో తప్పు. ఇక్కడ అతని జీతమే దానికి. ఒక ఆటలో ధర్మం ఇంకో ఆటలో నేరం. ఇరవై ఏళ్ల కండరాలకు ఈ సంగతి ఎక్కించాలంటే మాటలా!

లెఫ్ట్ టాకిల్‌కు అంత విలువ ఎందుకంటే, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ సాధారణంగా కుడిచేతివాటం. బంతి విసరబోయేటప్పుడు అతని వీపు ఎడమవైపు తిరుగుతుంది. అటునుంచి వచ్చేవాడు అతనికి కనిపించడు. ఆ కనిపించనివైపు కాపలా కాసేవాడే లెఫ్ట్ టాకిల్. కబడ్డీ చూసేవాళ్లకు కార్నర్ ఆటగాడి విలువ తెలుసు. అక్కడ చీలమండ పట్టు ఒక్కటి దొరికితే ఊరంతా పేరు. ఇక్కడ అదీ లేదు. అరవై సార్లు సరిగ్గా ఆపితే ఒక్కరూ పేరెత్తరు. ఒక్కసారి తప్పితే క్వార్టర్‌బ్యాక్ నేల మీద, రీప్లేలో ఇతని ముఖం. కోట్ల మంది చూస్తారు. మన ఇళ్లలో వంటగది బాధ్యత లాంటి ఉద్యోగమిది, కూరలో ఉప్పు తగ్గినరోజే గుర్తింపు.

పైగా వెనక్కి నడవాలి. ఎదుటివాడు ఒలింపిక్ పరుగువీరుడిలా అంచునుంచి చుట్టివస్తుంటే, ఇతను ఒళ్లు తిప్పకుండా, తూలకుండా, అతనికంటే ముందే ఆ చోటికి వెనక్కి చేరాలి. ఒక్కో విడత నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. ఆ కొద్దిపాటి సమయమే మైలాటాకు కలిసొచ్చింది. ఎనభై నిమిషాలు తిరగలేని దేహం అయిదు సెకన్లు పేలి, అరనిమిషం ఊపిరి పీల్చుకుని, మళ్లీ పేలగలదు.

■ రెండాటలకూ తాత ఒక్కడే

*న్యూజెర్సీలో మనవాళ్లు కిక్కిరిసిన ఎడిసన్‌కు పక్కనే న్యూబ్రన్స్‌విక్. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య అక్కడ జరిగిన ఆటనే తొలి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటారు. అది సాకర్‌కు దగ్గరగా ఉండేది. 1874లో కెనడా నుంచి వచ్చిన మెగిల్ విద్యార్థులు హార్వర్డ్‌వాళ్లకు రగ్బీ రుచి చూపించారు. ఆ తర్వాత వాల్టర్ క్యాంప్ 1880లో రెండు జట్లనూ ఒక గీతకు అటూ ఇటూ నిలబెట్టాడు. 1882లో ‘డౌన్‌ల’ లెక్క వచ్చింది. 1906లో బంతిని ముందుకు విసరడం చట్టబద్ధమైంది.*

*రగ్బీ లీగ్ పుట్టుక ఇంకో రకం. 1895 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. శనివారం ఆటకొస్తే గనుల్లో, మిల్లుల్లో కూలీ పోతుంది, దానికి పరిహారం ఇవ్వాలన్నది వాళ్ల పట్టు. దొరలు కుదరదన్నారు. కూలి డబ్బుల దగ్గర చీలిన ఆట ఇది. జట్టుకు 13 మంది. ఆరుసార్లు పడేస్తే బంతి అవతలివాళ్లది.*

గురువు పేరే యూనివర్సిటీ

2018, 2019. రెండు సీజన్లు మైలాటా ఒక్క లీగ్ మ్యాచ్ ఆడలేదు. వెన్ను పట్టేసింది, గాయాల జాబితాలో పేరు. అసలు చదివే ముందే పరీక్షకు గైర్హాజరైనట్టయింది. మామూలుగా ఏడో రౌండులో తీసుకున్నవాడిని జట్లు ఇంతకాలం పోషించవు. ఈగల్స్ పోషించారు. ఈ కథ మొత్తంలో నాకు నమ్మబుద్ధికానిది 157 కిలోల బరువు కాదు, ఆ ఓపిక.

ఆ రెండేళ్లూ అతనికి పాఠం చెప్పినవాడు జెఫ్ స్టౌట్‌లాండ్. 2013లో ఈగల్స్‌కు అఫెన్సివ్ లైన్ కోచ్‌గా వచ్చాడు. అరుపులకు పేరుమోసిన మనిషి. మన తాలింఖానాల్లో ఉస్తాదులు చేసిన పనే ఆయనా చేశాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలి, పాదం ఎంత జరగాలి, తల ఎటుండాలి అని అక్షరాభ్యాసం నుంచి దిద్దించాడు. అమెరికన్ టీవీలో మ్యాచ్ మొదట్లో ఆటగాళ్లు తమ పేరు, చదివిన కాలేజీ పేరు చెప్పుకోవడం ఆనవాయితీ. అలబామా అంటాడొకడు, ఒహాయో స్టేట్ అంటాడింకొకడు. మైలాటాకు కాలేజీ లేదు. అందుకని ‘‘జోర్డన్ మైలాటా, జెఫ్ స్టౌట్‌లాండ్ యూనివర్సిటీ’’ అన్నాడు. జనం పగలబడి నవ్వారు. గురువు పేరు చెప్పి బాణీ నిర్ణయించే సంగీతం విన్న మనకు ఆ మాట నవ్వులాటగా అనిపించదు.

2020లో తలుపు తెరుచుకుంది. మొదటి రౌండులో భారీ అంచనాలతో తీసుకున్న ఆండ్రే డిల్లార్డ్ గాయపడ్డాడు. సీనియర్ జేసన్ పీటర్స్ కూడా అందుబాటులో లేడు. అక్టోబరు 4న, ఆదివారం రాత్రి, దేశమంతా చూసే మ్యాచ్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ మీద మైలాటాను లెఫ్ట్ టాకిల్‌గా దింపారు. ఈగల్స్ 25-20తో గెలిచారు. మరుసటి ఏడాది డిల్లార్డ్ కోలుకుని తిరిగొచ్చాడు, చోటు మాత్రం తిరిగి రాలేదు. 2021 సెప్టెంబరులో మైలాటాకు నాలుగేళ్లకు 6.4 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. అప్పటి మారకంలో సుమారు 470 కోట్ల రూపాయలు. 2024లో మరో మూడేళ్లకు 6.6 కోట్ల డాలర్లు.

2023 ఫిబ్రవరిలో అతని తొలి సూపర్‌బౌల్ 38-35తో చీఫ్స్ చేతిలో పోయింది. రెండేళ్ల తర్వాత అదే చీఫ్స్ మీద కసి తీరింది. ఆ 2024 సీజన్‌లో అతని వెనక నుంచి పరిగెత్తిన సేక్వాన్ బార్క్‌లీ 2,005 గజాలు సాధించాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో రెండువేలు దాటినవాళ్లలో అతను తొమ్మిదోవాడు. దారులు తీసినవాళ్లలో ఒకడైన మైలాటాకు ఆ ఏడాది ఆల్-ప్రో రెండో జట్టులో చోటు దక్కింది.

ఇంకో ముచ్చట. ఈ కొండలాంటి మనిషికి వెన్నలాంటి గొంతు. 2022లో ‘మాస్క్‌డ్ సింగర్’ టీవీ పోటీలో ముసుగేసుకుని పాడాడు. సహచరులు జేసన్ కెల్సీ, లేన్ జాన్సన్‌లతో కలిసి క్రిస్మస్ పాటల ఆల్బమ్ చేసి, వచ్చిన డబ్బు సేవకిచ్చారు. మిగతా ఇద్దరి గొంతు గురించి మొహమాటానికి ఏమైనా అనొచ్చుగానీ, మైలాటా నిజంగానే పాడగలడు.

వేల్స్ నుంచి వచ్చినవాడు

ఇది చదివి, ఒళ్లుంటే చాలు అమెరికా డబ్బు కురిపిస్తుందనుకుంటే పొరపాటు.

వేల్స్‌లో ఒకప్పుడు ‘ఉత్తరానికి పోయాడు’ అంటే ఒకటే అర్థం. బొగ్గుగనుల లోయల్లో రగ్బీ యూనియన్ ఆడే కుర్రాడు కూటికోసం ఇంగ్లండ్ ఉత్తరాది రగ్బీ లీగ్ క్లబ్బులో చేరాడని. అలా పోయినవాడికి పాత ఆట తలుపులు జీవితాంతం మూసేసేవారు. యూనియన్‌లో కూడా డబ్బు తీసుకోవచ్చన్న 1995 దాకా ఆ వెలి నడిచింది. విడ్నెస్ జట్టులో పేరు మోగించిన వెల్ష్ ఫార్వర్డ్ జిమ్ మిల్స్ ఆ దారిన పోయినవాడే. వెల్ష్ ఫుల్‌బ్యాక్ టెర్రీ ప్రైస్ అయితే లీగ్ నుంచి ఇంకా ముందుకెళ్లి, 1970ల మొదట్లో బఫెలో బిల్స్ జట్టులో కిక్కర్‌గా అదృష్టం పరీక్షించుకున్నాడు. కలిసిరాలేదు.

మన కాలంలో పడమటికి పోయినవాడు లూయీ రీస్-జామిట్. వేల్స్ యూనియన్ జట్టు వింగర్, మెరుపు వేగం. 2024 జనవరిలో, సరిగ్గా సిక్స్ నేషన్స్ జట్టు ప్రకటించే రోజునే, రగ్బీ వదిలి అమెరికా వెళ్తున్నానని బాంబు పేల్చాడు. మైలాటా వచ్చిన పాత్‌వే దారే. చీఫ్స్ తీసుకున్నారు, తర్వాత జాక్సన్‌విల్ ప్రాక్టీసు జట్టులో చేరాడు. లీగ్ మ్యాచ్‌లో ఒక్కసారి దిగకుండానే 2025 వేసవిలో తిరిగి రగ్బీకి వచ్చేశాడు.

ఇద్దరిలో తేడా ఏమిటి? నాకు తోచింది చెబుతాను. వేగం అమెరికాలో కావలసినంత దొరుకుతుంది. ప్రతి హైస్కూలు ట్రాకు మీదా పండుతుంది. పైగా బంతి అందుకునే స్థానానికి లెక్కలేనన్ని దారులు, సంకేతాలు పదేళ్ల వయసు నుంచీ ఒంటబట్టి ఉండాలి. 157 కిలోల బరువుతో పిల్లిలా కదిలే మనిషి మాత్రం అక్కడా అరుదే. దొరికితే పని నేర్పుకోవచ్చు, ఓపిక ఉండాలంతే. సంతలో ఏ సరుకు కరువో దానికే ధర.

■ అమెరికాలో రగ్బీ లీగ్ చప్పుడు

*1954లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్లు కాలిఫోర్నియాలో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడాయి. ఆట వేళ్లూనలేదు.*

*2013 ప్రపంచకప్‌లో అమెరికా జట్టు వేల్స్‌ను వాళ్ల గడ్డ మీదే, రెక్సమ్‌లో 24-16తో ఓడించింది. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా 62-0తో చితక్కొట్టింది.*

*2025 ప్రపంచకప్‌ను అమెరికా, కెనడాల్లో జరపాలనుకున్నారు. ఆ ఆలోచన అటకెక్కింది.*

*2024 నుంచి ఆస్ట్రేలియా లీగ్ తన సీజన్‌ను లాస్‌వేగాస్‌లో మొదలుపెడుతోంది. తొలి ఏడాది 40,746 మంది వచ్చారు. 2025లో 45,209. ఆ ఏడాది ఇంగ్లండ్ జట్లు విగన్, వారింగ్టన్ కూడా అక్కడే ఆడితే విగన్ 48-24తో నెగ్గింది.*

ఒక్క గజం కోసం తోపులాట

రగ్బీకి, ఫుట్‌బాల్‌కు మళ్లీ చుట్టరికం కలిసిందని ఈమధ్య అమెరికా అంతా గోల. కారణం ఈగల్స్ ఆడే ఒక ఎత్తు. గజమో, అర గజమో కావాల్సి వచ్చినప్పుడు క్వార్టర్‌బ్యాక్ జేలన్ హర్ట్స్ బంతి పట్టుకుని లైన్ వెనక వంగుతాడు. మైలాటా, మిగతా లైన్‌వాళ్లు నేలకు ఆనుకున్నంత పనిగా కిందికి దూరి నెడతారు. వెనక నుంచి ఇద్దరు హర్ట్స్‌ను తోస్తారు. రథం కదిలినట్టు మొత్తం ముద్ద ముందుకు జరుగుతుంది. ‘టష్ పుష్’ అని పేరుపడింది. చూడ్డానికి అచ్చం రగ్బీ స్క్రమ్. స్కాట్లాండ్ రగ్బీ కోచ్ రిచీ గ్రే సలహాలు కూడా ఈగల్స్ తీసుకున్నారు.

మిగతా జట్లకు ఒళ్లు మండింది. ఇది ఆటా, తోపులాటా అన్నారు. నిషేధించాలని గ్రీన్‌బే ప్యాకర్స్ ప్రతిపాదించారు. 2025 మేలో 32 జట్ల యజమానులు ఓటేశారు. నిషేధానికి 24 ఓట్లు కావాలి, 22 వచ్చాయి. బతికిపోయింది. చేతకానివాళ్లు చేతనైనవాళ్ల మీద పెట్టే పంచాయితీలా కనిపించింది నాకైతే. ఆ ఎత్తు అందరికీ తెలుసు, ఆపలేకపోవడమే వాళ్ల బాధ.

మన గుమ్మం దాకా

ఇదంతా మనకెందుకు? ఎందుకంటే అమెరికాలోని ఎడిసన్‌లో, ఫ్రిస్కోలో, కమింగ్‌లో మన పిల్లలు ఎనిమిదో తరగతికొచ్చి ‘‘ఫుట్‌బాల్ టీమ్‌లో చేరతా డాడీ’’ అంటున్నారు. అమ్మానాన్నలు వణికిపోతున్నారు. ఆ వణుకు అర్థంలేనిది కాదు. తలకు తగిలిన దెబ్బల కేసుల్లో మాజీ ఆటగాళ్లకు లీగ్ వంద కోట్ల డాలర్ల లెక్కలో పరిహారం ఒప్పుకుంది. చనిపోయిన ఆటగాళ్ల మెదళ్లను పరీక్షించిన బోస్టన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు, పదేపదే తగిలిన దెబ్బలు ఏం చేస్తాయో చూపించారు. రగ్బీ లీగ్ కూడా ఈ విషయంలో పవిత్రమేమీ కాదు, బ్రిటన్‌లో మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కారు.

ఒక మధ్యేమార్గం ఉంది. ఒకరినొకరు గుద్దుకోకుండా, నడుముకు వేలాడే రిబ్బను లాగితే చాలనే ఫ్లాగ్ ఫుట్‌బాల్ 2028 లాస్‌ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అడుగుపెడుతోంది. అదే ఒలింపిక్స్‌లో క్రికెట్టూ ఉంది కాబట్టి మనింట్లో టీవీ ఎలాగూ ఆగదు. ఇటు మన దగ్గర 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ‘హైదరాబాద్ హీరోస్’ పేరుతో ఒక జట్టు దిగింది. ఏడుగురాడే సెవెన్స్ రగ్బీ అది. హైదరాబాద్‌లో ఎంతమంది గమనించారో ఆ దేవుడికే ఎరుక.

మైలాటా పుట్టిన గడ్డకూ ఫుట్‌బాల్ వెళ్తోంది. 2026 సీజన్‌లో ఒక మ్యాచ్‌ను మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌కు కేటాయించారు. మనం బాక్సింగ్ డే టెస్టులు చూసి పెరిగిన అదే మైదానం.

ఈసారి ఈగల్స్ మ్యాచ్ కంటబడితే చిన్న పని చేయండి. మూడంటే మూడు విడతలపాటు బంతిని వదిలేయండి. అది ఎవరి దగ్గరుందని పిల్లల్ని అడక్కండి. క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమచేతివైపు, వరస చివర వంగి కూర్చున్న 68 నంబరును చూడండి. బంతి కదలగానే అతని పాదాలు చూడండి.